ఫ్రిజ్ లేని బాడుగిల్లు

నాగజ్యోతి ఏదైనా అనుకుందంటే ఇంక అంతే. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. పదిహేడేళ్ళు కాపురం చేసిన వీరభద్రకు మాత్రం ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంటుంది, పాపం. వినాయక చవితి వెళ్ళిన వారానికి, ఒక పొద్దున ఆమె జొన్నరొట్టెలు తడుతూ, తల ఎత్తకుండానే, "ఈ తూరి సుగ్గికి పోయేది ల్యా" అంది. అతను నవ్వేశాడు. ఆమె ఇంకో రొట్టె పెనం మీద వేసి, "నవ్వితే నువ్వొగనివే పోతావు. నేనూ రాను, పిల్లా రాదు" అంది. అప్పుడు ఆపాడు నవ్వు.

సుగ్గి అంటే తెలియని వాళ్ళుంటారు కాబట్టి చెప్పాలి. కోసిగి చుట్టుపక్కల ఊళ్ళలో పండేదే కాస్త. అది ఇల్లు చేరగానే కూలీలను కుదిర్చే మేస్త్రి లారీ తెచ్చి వీధిలో నిలబెడతాడు. మొగుడూ పెళ్ళాం పిల్లలూ, చట్టీ కుండా, చుట్టిన పరుపులూ అన్నీ ఎక్కించుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. డిసెంబరులో ఎక్కితే మళ్ళీ ఉగాదికే దిగేది. ఊళ్ళో ముసలివాళ్ళూ కుక్కలూ మిగులుతారు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, భువన. పోయిన ఏడు తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటక మీద పెట్టి లారీ ఎక్కింది. మిరప ఘాటుకు వేళ్ళు మండి, మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునేది. తిరిగి వచ్చాక హెడ్మాస్టరు దయతలిచి పదికి పంపాడు. కానీ పదో తరగతి పరీక్షలు మార్చిలో. లారీ ఎక్కితే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఆ పిల్లకు మిరప బుట్టే గతి. నాగజ్యోతికి ఇంతకంటే లెక్కలు తెలియవు. తెలియాల్సిన పని కూడా లేదు.

మరి సుగ్గి మానేస్తే తినేదేమిటి? దానికీ ఆమె దగ్గర ఆలోచన ఉంది. వాళ్ళ ఊరు మంత్రాలయం పోయే రోడ్డు మీద ఉంది. ఎనిమిది సుగ్గిల కష్టంతో రోడ్డు పక్కన రెండు గదులు, ముందొక పంచ, బండల మిద్దెతో కట్టుకున్నారు. వెనక పాత మట్టిమిద్దె ఉండనే ఉంది. తాము అందులో సర్దుకుని, కొత్త గదులు రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే వాళ్ళకు రోజు బాడుగకు ఇవ్వాలని ఆమె పథకం. గురువారం వచ్చిందంటే, సెలవులు వచ్చాయంటే, అక్కడ గది దొరక్క పిల్లలతో సహా కార్లలో తిరిగే వాళ్ళను ఆమె కళ్ళారా చూసింది. ఎలాగంటే సుగ్గి లేని నెలల్లో నాలుగేళ్ళుగా ఆమె మంత్రాలయంలో ఒక లాడ్జిలో గదులు తుడిచే పని చేస్తోంది.

గదుల్లో ఏమేం పెట్టాలన్న మాట రాగానే వీధి వీధంతా సలహాలకు దిగింది. భువన నోటుబుక్కు తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

"టీవీ రాయి పాపా. టీవీ లేకుంటే మనుషులు ఎట్లుంటారు?" అంది ఎదురింటి రామేశ్వరమ్మ. ఈమె నాగజ్యోతికి చిన్నప్పటి నుంచీ జత. సుగ్గిలో కూడా ఇద్దరూ పక్కపక్క సాళ్ళలోనే కాయలు కోసేవాళ్ళు.

"ఏసీ పెట్టల్ల. బెంగళూరోల్లకు ఏసీ లేంది నిద్ర రాదంట" అన్నాడు వీరభద్ర. "ఫ్రిజ్జు గూడా. బట్టలుతికే మిషను. మిక్సీ."

నాగజ్యోతి అంతా రాయనిచ్చింది. తర్వాత కూతురి చేతిలో పెన్ను తీసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది.

"టీవీ యాల? దర్శనం లైన్లో నిలబడి నిలబడి వచ్చినోల్లు చెప్పులిడిచి పండుకుంటారు. నాలుగేండ్లు రూములు ఊడ్సినా, రిమోటు మింద దుమ్ము తుడిసేది నేనే గదా. మిషను యాల? ఒగ దినం ఉండేటోల్లు ఏం ఉతుక్కుంటారు, తడిగుడ్డ ఆరేసుకునే దండెం చాలు. పొద్దున నాలుగింటికి వేడినీల్లు కావల్ల. దానికే కౌంటరు కాడ కొట్లాడేది. పసిబిడ్డ తల్లి పాలపొడి కలుపుకోను కాసిన్ని కాగిన నీల్లు అడుగుతాది. ఫోన్లు పెట్టుకోను ప్లగ్గులు కావల్ల. ఇంగేం అక్కర్లేదు."

మిగిలింది గీజరు, నీళ్ళు కాచుకునే కెటిల్, ఒక ఫ్యాను. రెండు మేకల్ని అమ్మి ఆమె మూట కట్టుకున్నది ఆ మూడింటికే సరిగ్గా సరిపోతుంది. వీరభద్ర బుర్ర ఊపాడు. ఊపిన బుర్రలో ఏముందో ఆమె చూడలేదు, అదీ జరిగిన పొరపాటు.

రెండు రోజులకు ఆమె లాడ్జి నుంచి వచ్చేసరికి ముందు గదిలో ఎర్రటి ఫ్రిజ్ నిలబడి ఉంది. తలుపు మీద పూల బొమ్మ. దానికి కుంకుమ బొట్లు పెట్టి, పైన నిమ్మకాయ పెట్టి, చామంతి దండ కూడా వేశారు. మేకలు రెండూ ఆ ఫ్రిజ్‌లో కలిసిపోయాయి. గీజరూ లేదు, ఫ్యానూ లేదు.

వీరభద్ర మంచివాడే. చెడ్డవాడైతే తిట్టడం తేలిక. నేల చూస్తూ చెప్పాడు. "మర్యాదస్తులు వస్తారు. ఫ్రిజ్జు గూడా లేకుంటే, ఇది కూలోల్ల ఇల్లని తెలిసిపోతాది మే."

ఆ మాటకు ఆమె కోపం సగం చల్లారిపోయింది. మిగతా సగం లోపలే పెట్టుకుంది. పక్క నెల జీతం రాగానే గీజరు కొనొచ్చులే అనుకుని ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ ఫ్రిజ్ మర్నాటి నుంచే ఊరందరిదీ అయిపోయింది. ఆ వీధిలో ఫ్రిజ్‌లు ఇంకో రెండిళ్ళలో ఉన్నా, వాళ్ళు తలుపు మీద చెయ్యి వేయనివ్వరు. వీరభద్ర వేయనిస్తాడు. ఒకరి దోసెల పిండి, ఒకరి పాలు, ఒకరి పెళ్ళి మల్లెపూలు, ఒక తాత కంటి మందు, పిల్లల ఐసు. బాడుగ వాళ్ళు ఇంకా రాలేదు కదా, ఖాళీగానే ఉంది కదా. నాగజ్యోతి కసురుకునేది, మళ్ళీ తనే తన పెరుగు గిన్నె కాస్త పక్కకు జరిపి చోటిచ్చేది. కాదనలేకపోవడం ఆ వీధిలో అందరికీ ఉన్న జబ్బు.

దసరా సెలవుల చివరి ఆదివారం. మంత్రాలయంలో ఇసుక వేస్తే రాలనంత జనం. లాడ్జి నిండిపోయింది. మద్దిలేటి అనే ఆదోని డ్రైవరు, ఎప్పుడూ పార్టీలను తెచ్చే అతను, నాగజ్యోతిని వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, దావణగెరె పార్టీ. ముసలామె ఉంది, ఇద్దరు చిన్న పిల్లోల్లు. యాడా రూము దొరకల్యా. మీ ఇల్లు తయారని చెప్పినావు గదా?"

ఆమెకు కాళ్ళు భూమ్మీద నిలవలేదు. చీపురు గోడకు ఆనించి, మేనేజరుతో చెప్పి, ఆ కారులోనే ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా వెనక్కి తిరిగి తనకొచ్చిన కన్నడంలో ఆ పిల్లల పేర్లు అడిగింది. తన ఇంటికి తనే చుట్టాలను తోడుకుని పోతున్నట్టు ఉంది ఆమెకు.

గదులు చూసి వాళ్ళు సంతోషపడ్డారు. చల్లగా ఉందన్నారు. శుభ్రంగా ఉందన్నారు. పెద్దామె పిల్లల కోసం తెచ్చిన పాల డబ్బా చెడిపోకుండా పెడదామని ఫ్రిజ్ తలుపు తీసింది.

మధ్య అరలో నల్ల కవరు విడిపోయి ఉంది. అందులో వేట మాంసం. రక్తం కింది అరలోకి చుక్క చుక్కగా కారింది.

పెద్దామె ఒక్క మాట తూలలేదు. డబ్బా గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. "ఇల్లి బేడప్పా", ఇక్కడ వద్దు, అని కొడుకుతో మెల్లగా చెప్పి, నాగజ్యోతికి రెండు చేతులూ జోడించి, చెప్పులు వేసుకుంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ దండం చూసి నాగజ్యోతికి తల కొట్టేసినట్టయింది.

మద్దిలేటి సామాను మళ్ళీ డిక్కీలో పెడుతూ, "నన్ను నమ్మి వచ్చినారక్కా. నా పేరు గూడా పాయె" అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, ఆదివారం ఊళ్ళో వేట కోస్తారు. రామేశ్వరమ్మ పెద్దల్లుడు సోమవారం వస్తున్నాడు. అల్లుడికని తీసుకున్నది తెచ్చి, "ఒగ పూటే కదన్నా" అంటే, వీరభద్ర తలుపు తీశాడు. స్వామి దర్శనానికి వచ్చే వాళ్ళ కోసం పెట్టుకున్న ఇల్లని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఫ్రిజ్ ఉన్నది పెట్టుకోవడానికే కదా!

నాగజ్యోతి ఆ కవరు పట్టుకుని ఎదురింటికి పోయి గడప మీద పెట్టింది. "నీ అల్లునికి వండి పెట్టుకో" అంది, అంతే. రామేశ్వరమ్మ ఏడుస్తూ వెంటబడ్డా వెనక్కి తిరగలేదు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరి మధ్యా మాటలు బందు.

సోమవారం పొద్దున్నే మేస్త్రి వెంకటేశ్వర్లు పంచలోకి వచ్చి కూర్చున్నాడు. ఇలాంటి కబుర్లు అతనికి గాలిలో అందుతాయి. "ఏమప్పా వీరభద్రా, మీ ఇంట్లో మూడు పేర్లు రాసుకోనా?" అన్నాడు. వీరభద్ర పెళ్ళాం దిక్కు చూశాడు. "రాపిద్దాం మే. ఇంగ ఎవరొస్తారు మనింటికి?" అన్నాడు నోట్లో నోట్లోనే.

"పార్టీ పోయింది, ఇల్లు పోలేదు గదా" అంది నాగజ్యోతి. "అన్నా, నువ్వు టీ తాగి పో. పేర్లు మాత్రం రాయొద్దు."

మేస్త్రి టీ తాగాడు. "లారీ వచ్చినంక సూద్దాంలే" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏడ్చి ఉండేదే, కానీ ఏడవడానికి కూర్చుంటే పనులు ఎవరు చేస్తారు?

బుధవారం మంత్రాలయం కార్ల స్టాండులో మద్దిలేటిని పట్టుకుంది. అతను సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు కిటికీలో పెట్టుకుని నిద్రపోతున్నాడు. తట్టి లేపింది.

"తమ్మీ, తప్పు మాదే. ఫ్రిజ్జు తీసేస్తాండా. ఇంగో పార్టీని తెస్తావా?"

మద్దిలేటి కళ్ళు నులుముకున్నాడు. "ఎట్ల తేవల్లక్కా? పార్టీని యాడ దించాలనేది మా డ్రైవర్ల చేతిలోదే. ఒగ తూరి మాట పడితే మల్లా ఆ దిక్కు బండి తిప్పం."

ఆ మాట ఆమె చెవిలో పడింది. మాటతోపాటు, నాలుగేళ్ళుగా చూస్తున్నదే ఇప్పుడు కొత్తగా కంటబడింది. స్టాండు పొడుగునా ఇరవై కార్లు, ప్రతి కారు కిటికీలోంచీ రెండు కాళ్ళు. ఈ మనుషులు రాత్రంతా బండి తోలి వస్తారు. పార్టీ గదిలోకి పోతుంది, వీళ్ళను అడిగే దిక్కుండదు. లాడ్జి వెనక కొళాయి దగ్గర, మేనేజరు చూడకుండా, ఆమె ఎన్నిసార్లు వీళ్ళకు బక్కెట్ అందించిందో!

"నువ్వు తానం చేసి ఎన్నాళ్ళాయె?" అని అడిగింది.

మద్దిలేటి సిగ్గుపడ్డాడు. "మొన్న నదిలో మునిగినాలే అక్కా."

గురువారం పొద్దున తొమ్మిదికి ఆమె ఫ్రిజ్‌ను ఆటోలో కట్టించుకుని ఆదోనిలో కొన్న కొట్టు ముందు దిగింది. అమ్మిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదన్నాడు కొట్టాయన. ఆమె సరేనని మెట్ల మీద కూర్చుంది. వచ్చిన వాళ్ళందరూ ఆమెను దాటుకుని లోపలికి పోవాలి. ఎందుకు కూర్చున్నావని అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచీ చెప్పింది, మాంసం సంగతితో సహా. మధ్యాహ్నం అన్నం వేళకు కొట్టాయనకు తల ప్రాణం తోకకొచ్చింది. "తల్లీ, నీకో దండం" అని, కొంత తగ్గించుకుని, ఫ్రిజ్ లోపల పెట్టించుకున్నాడు. దాని బదులు గీజరు, కెటిల్, ఒక స్టాండు ఫ్యాను ఆటో ఎక్కాయి.

గీజరు బిగించడానికి వచ్చిన మనిషికి ఆమె చెప్పిన పని ఒక పట్టాన అర్థం కాలేదు. గదులకున్న స్నానాల గదిలో ఒక కొళాయి, సరే. రెండోది బయట, పంచ చివర, నాపబండలు నిలబెట్టి మరుగు కట్టిన చోట.

"ఆడ ఎవరుంటారమ్మా?"

"డ్రైవరు."

"డ్రైవరుకు వేడినీల్లా!"

"డ్రైవరుకు వొల్లు ఉండదా?"

స్టాండు ఫ్యాను కూడా పంచలోకే పోయింది. దాని ముందు నవారు మంచం, గోడకు నాలుగు ప్లగ్గుల బోర్డు. ఇది చూసి వీరభద్రకు నిజంగానే కోపం వచ్చింది. "గదిలో పండుకునే వాల్లకు పాత ఫ్యాను, పంచలో పండుకునే డ్రైవరుకు కొత్తదా? నీకేమన్నా మతి పోయిందా?"

"పోతే పోనీ. ఈ తూరి నా మతి ప్రకారం జరగనీ" అంది.

మద్దిలేటికి ఫోను చేసి, "పార్టీ వద్దు, నువ్వొక్కనివే రా" అని పిలిచింది. పక్క శనివారం అతను పార్టీని లాడ్జిలో దించి, అనుమానంగానే వచ్చాడు. వేడినీళ్ళు తలారా పోసుకున్నాడు. ఆమె రాగి సంగటి, చెనిక్కాయల ఊరిమిండి, అంటే పల్లీల పచ్చడి, పెడితే తిని, ఫ్యాను ముందు వాలాడు. పొద్దున పదికి పడుకున్న మనిషి సాయంత్రం నాలుగుకు లేచాడు. లేచి, తానెక్కడున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది.

"అక్కా, బండి తోలబట్టినంక ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదు" అన్నాడు.

బుధవారం బళ్ళారి పార్టీతో వచ్చాడు. శుక్రవారం ఇంకెవరో డ్రైవరు, మద్దిలేటి పేరు చెప్పుకుంటూ రాయచూరు వాళ్ళను తెచ్చాడు. వచ్చిన వాళ్ళలో కొందరు ఫ్రిజ్ లేదా అని అడిగేవాళ్ళు. "ల్యాదమ్మా. పొద్దున్నే బర్రె పాలు పిండిస్తా, కాచుకోను కెటిలుండాది. నాలుగింటికి వేడినీల్లు, ఒగ్గ నిమిషం ఆలీసం కాదు" అనేది, ముఖం చిన్నబుచ్చుకోకుండా. తాను కూలిమనిషినని కూడా దాచేది కాదు. కార్తీకం వచ్చేసరికి ఆమె లాడ్జి పని మానేయాల్సి వచ్చింది. ఇంట్లోనే తీరడం లేదు మరి. వీరభద్ర నాలుగుకు లేచి గీజరు వేయడం, డ్రైవర్ల కార్లు కడిగి పెట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకుని, ఇదంతా తన ఆలోచనే అన్నట్టు ఊళ్ళో చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

డిసెంబరు రెండో వారంలో పొద్దున ఏడున్నరకు లారీ వచ్చింది. పరుపులు, గిన్నెలు, కోళ్ళ గంపలు, పిల్లలు. మేస్త్రి వెంకటేశ్వర్లు పంచ ముందు ఆగాడు. పంచలో ఇద్దరు డ్రైవర్లు నిద్రపోతున్నారు. బయట రెండు కార్లు. భువన జడలు వేసుకుంటోంది. మేస్త్రి తల గోక్కుని లారీ దిక్కు నడిచాడు.

ఇంక నాగజ్యోతి లోపలికి పోవచ్చు. గెలిచింది కదా. కానీ ఎదురింటి తలుపుకు తాళం వేస్తున్న రామేశ్వరమ్మ కనబడింది. వెనక ఆమె చిన్న కూతురు లక్ష్మీప్రియ సంచి పట్టుకుని నిలబడి ఉంది. భువన తరగతే, భువన బెంచీయే. ఆ పిల్ల స్కూలు దిక్కు గానీ, భువన దిక్కు గానీ చూడకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని లారీ ఎక్కింది.

రామేశ్వరమ్మ ఈ వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

రెండు నెలలుగా నాగజ్యోతి మోస్తున్న కోపం ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆ కోపంతోనే విసవిసా లారీ దగ్గరికి నడిచింది.

"పిల్లను దించు."

"ఏందక్కా?" అంది రామేశ్వరమ్మ.

"లక్ష్మిని దించు అంటాండా. మా మట్టిమిద్దెలో భువన పక్కన పండుకుంటాది. ఉగాదికి వచ్చి తోలుకపో."

"నేను నీకు చేసినదానికి..." అంది రామేశ్వరమ్మ.

"చేసినావులే. దానికి వేరే తిడతా, తిరిగొచ్చినంక. పిల్ల ఏం చేసింది?"

మేస్త్రి అడ్డం వచ్చాడు. "ఏందమ్మా, ఆ పిల్ల పేరు రాసుకున్నా. ఆడ రైతుకు ఇంతమంది అని చెప్పినా."

"కొట్టేయన్నా. నీకాడ పెన్నుంది గదా" అంది నాగజ్యోతి.

మేస్త్రి పంచ ముందున్న కార్ల దిక్కు ఒకసారి, ఆమె దిక్కు ఒకసారి చూశాడు. జేబులోంచి పుస్తకం తీశాడు. తల్లి ఏమంటుందోనని కూడా లక్ష్మీప్రియ ఆగలేదు, లారీ వెనక చెక్క మీంచి దూకేసింది. రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

లారీ పోయాక ఆ పిల్ల సంచి విప్పితే, అందులో రెండు జతల బట్టలు, కాయలు కోసేటప్పుడు వేళ్ళకు చుట్టుకునే గుడ్డపీలికల చుట్ట ఉన్నాయి. పుస్తకం ఒక్కటీ లేదు. లక్ష్మీప్రియ ఆ పీలికలను గబగబా సంచి అడుక్కు తోసి, నాగజ్యోతి చూసిందేమోనని తల ఎత్తింది. చూసింది.

"భువన పుస్తకాలు ఇద్దరికీ సరిపోతాయిలే" అంది నాగజ్యోతి. "బిరీన మొఖం కడుక్కో పాప, ఎనిమిదిన్నర అయితాంది. గీజరులో నీల్లు ఉండాయి."